సిడ్నీ హార్బర్‌లో కయాక్‌తో ఒక రోజు: రోజ్ బే నుంచి హార్బర్ వంతెన దాకా వెళ్లవచ్చా?

గోదారిగట్టు:
నవంబరులో మా తమ్ముడు కాకినాడ నుంచి సిడ్నీ వస్తున్నాడు. ఒక శనివారమంతా హార్బర్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) మీద తీరిగ్గా తిరగాలని మా ఇద్దరి కోరిక. ఉదయం పదింటికి రోజ్ బేలో బయలుదేరి, ఫోర్ట్ డెనిసన్ దీవి పక్కగా ఒపెరా హౌస్ ముందుకు చేరి, వంతెన కింద ఫొటోలు తీసుకొని, సాయంత్రం నాలుగింటికి వెనక్కి రావాలని అనుకుంటున్నాము. నాకు నిశ్చలమైన చెరువుల్లో నాలుగైదు సార్లు తెడ్డు వేసిన అనుభవం మాత్రమే ఉంది. తమ్ముడికి ఈత వచ్చు గాని కయాక్ కొత్త. ఇది మాకు సాధ్యమేనా?

తెడ్డుమనిషి:
దూరం మీకు అడ్డు కాదండీ. గాలి, ఫెర్రీలు అడ్డు. వేడి నెలల్లో ఇక్కడ మధ్యాహ్నానికి తరచుగా ఈశాన్యపు గాలి లేస్తుంది. పడమరకు పోయేటప్పుడు మిమ్మల్ని ముందుకు తోసే ఆ గాలే, చేతులు అలసిపోయి తిరిగి వచ్చే వేళకు ఎదురుగాలి అవుతుంది.

అంతకన్నా చిక్కు ఒపెరా హౌస్ దగ్గర ఉంది. అక్కడ ఒడ్డంతా నిట్టనిలువు రాతిగోడ. మ్యాన్లీ వెళ్లే పెద్ద ఫెర్రీలు 70 మీటర్ల పొడవుంటాయి. అవి రేపిన అల గోడకు కొట్టుకొని వెనక్కి మళ్లి, వెనుక వస్తున్న అలతో కలబడడం వల్ల, గాలి లేని రోజున కూడా నీరు అన్ని వైపుల నుంచీ ఎగసిపడుతుంది. చెరువులో నేర్చిన చేతికి అది అందదు. ఒపెరా హౌస్ పక్కనే, ఫెర్రీలు నిరంతరం తిరిగే సిడ్నీ కోవ్ లోపలికి అసలే వెళ్లకండి. పెద్ద ఓడ కనబడితే దాని ముందు 500 మీటర్ల లోపల ఉండకూడదన్నది నియమం. ఓడ నుంచి ఐదు పొట్టి కూతలు వరుసగా వినబడితే, మీరు ఏం చేయబోతున్నారో ఆ నావికుడికి అర్థం కావడం లేదని తెలుసుకోండి. మొదటిసారి నేను ఆ కూత విని, ఎవరి కోసమా అని చుట్టూ చూశాను. అది నా కోసమే.

ఉత్తరపుఒడ్డు:
తీరిక కావాలంటే సిడ్నీ హార్బర్ ఉత్తరపు పాయ అయిన మిడిల్ హార్బర్‌కు రండి. స్పిట్ వంతెన దగ్గర మొదలుపెడితే ఫెర్రీల బెడద ఉండదు. పోటు మొదలైన కాసేపటికి దిగి, నీటితో పాటే పైకి పోయి, పాటు తీసేటప్పుడు దిగువకు రావాలి; కాకినాడ మనిషికి ఇది చెప్పనక్కరలేదు. 1915 నుంచి 1974 దాకా పేలుడు పదార్థాలు దాచిన గిడ్డంగులు ఆ దారిలోని బాంట్రీ బేలో ఇప్పటికీ నీటి ఒడ్డునే కనబడతాయి. చుట్టూ అడవి కొండలు ఉండడంతో గాలి కూడా కొంత ఆగుతుంది. శనివారం మోటారు పడవల సందడి మాత్రం ఉంటుంది కనుక, కుడి ఒడ్డుకు దగ్గరగా పోవడం మేలు.

లావెండర్‌వాసి:
అంత దూరం నుంచి వచ్చిన వాడికి వంతెన చూపించకుండా పంపడం నాకు నచ్చలేదు. తెల్లవారుజామున, ఫెర్రీల రద్దీ పెరగకముందే, వంతెనకు ఉత్తరపు ఒడ్డున ఉన్న లావెండర్ బేలో, ఒడ్డుకు దూరం పోకుండా ఒక గంట తిరగండి. 1932లో తెరిచిన ఆ ఉక్కు వంపు మొత్తం అక్కడి నుంచే నిండుగా కనబడుతుంది. దాని కిందికి పోతే కనబడేది అడుగుభాగమే.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. వంతెనను ఫెర్రీ ఎక్కి చూసి, కయాక్ మాత్రం స్పిట్ దగ్గర అద్దెకు తీసుకుంటాము. సొరచేపలు ఉంటాయా అని తమ్ముడు అడుగుతున్నాడు.

ఉత్తరపుఒడ్డు:
ఉంటాయి. నీరు వెచ్చబడే నెలల్లో బుల్ షార్కులు హార్బర్‌లోకి వస్తాయి. కయాక్‌లో ఉన్నవారు అంతగా భయపడనక్కరలేదు గాని, ఈత కొట్టాలనుకుంటే క్లాంటార్ఫ్‌లో వల కట్టిన కొలను ఉంది. అది స్పిట్‌కు దగ్గరే. పులిహోర పొట్లం కూడా అక్కడే విప్పవచ్చు, సీగల్ పక్షులను మాత్రం ఓ కంట కనిపెట్టండి.