ఈ వారం సమస్య: అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

హనుమకొండ నుంచి, సమస్య ఇస్తూ:

నిన్న రాత్రి డ్యూటీలో టేప్ లైబ్రరీ (డేటా టేపులను గూళ్లలో దాచి, రోబో చేత్తో డ్రైవ్‌లో పెట్టే యంత్రం) స్టేటస్ కొడితే తెర మీద ఈ వరుస వచ్చింది: "డేటా ట్రాన్స్‌ఫర్ ఎలిమెంట్ 0: ఫుల్, స్టోరేజ్ ఎలిమెంట్ 5 లోడెడ్". అయిదో గూట్లోని టేపు సున్నా నంబరు డ్రైవ్‌లో కూర్చుందని అర్థం. అది చదువుతుంటేనే ఆటవెలది నాలుగో పాదం నడక దొరికింది. గణాలు చూడండి: అయిదు, వచ్చి, సున్న, యందుఁ, జేరె. అయిదూ సూర్యగణాలే. అ–యం యతి కుదిరింది. లెక్కల్లో చూస్తే పొసగని మాట, దాన్ని పొసగించడమే మీ పని. టేపుల సంగతే కావాలని పట్టు లేదు గానీ, వస్తే సంతోషం.

కరీంనగర్ నుంచి:

పంచభూతమయము ప్రాణుల దేహమ్ము
కాటి మంటలోనఁ గలసిపోయె
శూన్య మొకటి మిగిలెఁ జూడఁగఁ జివరకు
అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

హనుమకొండ: ధార బాగుంది. శూ–జూ యతి చక్కగా పడింది. అయిదంటే భూతాలు, సున్నంటే శూన్యం అన్న దారి మన పెద్దలు నడిచిందే. మొదట తట్టే పూరణ ఇదే కావడం వల్ల కాస్త కొత్తదనం తగ్గింది.

జగిత్యాల నుంచి: ఒక సందేహం. టేపును గూటి నుంచి గూటికి మార్చడానికి ట్రాన్స్‌ఫర్ అనే కమాండ్ ఉంది కదా, సున్నాను గూడుగా తీసుకోవచ్చా?

హనుమకొండ: లైబ్రరీని నడిపే ఎంటీఎక్స్ ప్రోగ్రాంలో గూళ్ల లెక్క 1 నుంచి మొదలవుతుంది, డ్రైవ్‌ల లెక్క 0 నుంచి. "ట్రాన్స్‌ఫర్ 5 9" అంటే అయిదో గూటి టేపు తొమ్మిదో గూటికి పోతుంది. సున్నా గూడు లేదు. కాబట్టి ఈ సమస్యలో సున్నా డ్రైవే, కమాండ్ "లోడ్ 5 0".

జనగామ నుంచి:

మీట నొక్కినంత మెదలెను రోబోటు
గూటి నుండి టేపుఁ గొంచుఁ గదలె
డ్రైవు నోటఁ బెట్టె రాపిడి లేకుండ
అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

హనుమకొండ: "గొంచుఁ గదలె" దగ్గర రోబో చెయ్యి పట్టాల మీద జరిగే చప్పుడు నాకు వినపడింది. డ్రైవుకు రాపిడితో యతి వేయడం బాగుంది, సంయుక్తంలోని రేఫను పట్టుకున్నారు. టేపు చదివేటప్పుడు హెడ్‌కు తాకుతూనే పోతుంది, కానీ మీరు చెప్పింది గూటి నుంచి డ్రైవ్ దాకా ప్రయాణం కాబట్టి తప్పులేదు. "లేకుండ" తర్వాత అచ్చు వస్తే నకారం రావాలి. సమస్య పాదం మార్చలేం గనక పాదాంతంలో ఆగినట్టు సరిపెట్టుకుందాం.

పెద్దపల్లి నుంచి (మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి):

బారుకోడు చూచి పట్టెను యంత్రంబు
గూళ్లు వెదకి టేపుఁ గూర్చి తెచ్చె
లోన నున్న టేపు తీయక ముందుగ
అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

హనుమకొండ: తమ్మీ, మొదటి పద్యానికి గణాలన్నీ సరిపోవడం చిన్న విషయం కాదు. మూడో పాదం మాత్రం రెండు విధాలా దెబ్బతింది. లో–తీ యతి లేదు. పైగా లోపల టేపు ఉండగా ఇంకోటి లోడ్ చెయ్యమంటే డ్రైవ్ నిండి ఉందని కమాండ్ తిరిగొస్తుంది. ముందు "ఎంటీ ఆఫ్‌లైన్" కమాండ్‌తో డ్రైవ్ నుంచి టేపును వదిలించాలి, తర్వాత ఎంటీఎక్స్ అన్‌లోడ్‌తో గూటికి పంపాలి. ఈ మొదటి మెట్టును కొన్ని లైబ్రరీలు వాటంతటవే చేస్తాయి, కొన్నింటికి మనమే చెప్పాలి. రోబో చేతికి ఒక డివైస్, డ్రైవ్‌కు ఒక డివైస్: ఎంటీఎక్స్ మాట్లాడేది చేతితో, ఎంటీ మాట్లాడేది డ్రైవ్‌తో. కొత్తలో నేనూ ఈ రెండూ కలిపేసి గంటసేపు టెన్షన్ పడ్డాను. "వెదకి" కూడా ఆలోచించు. ఏ గూట్లో ఏముందో ఇన్వెంటరీ (గూళ్లన్నీ చూసి లెక్క రాసుకోవడం) చేసినప్పుడే యంత్రానికి తెలుసు, మళ్లీ వెతకదు.

కాజీపేట నుంచి:

పోయెననిన ఫైలు పొద్దున దొరికెను
టేపు మేలు చేసె డెంద మలరె
అర్ధరాత్రి రెండె యంకెలు కొట్టితి
అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

మా ఆఫీసులో నిజంగా జరిగిందే. పాత పత్రాల స్కాన్లు డిస్క్‌లో చెరిగిపోయాయి, టేపు మీద ఉన్నాయి.

హనుమకొండ: అక్కా, ఈ వారం నాకు నచ్చిన పద్యం ఇదే. టేపుకు డెందముతో యతి ఎవరికి తడుతుంది! ఎల్‌టీఓ-8 రకం టేపు ఒక్కదాంట్లో 960 మీటర్ల రిబ్బన్, కుదించకుండానే 12 టెరాబైట్లు పడతాయి. దాన్నంతా కదిలించింది మాత్రం ఆ రెండు అంకెలే. "రెండె యంకెలు" దగ్గర నేను ఆగిపోయాను. ఆ అంకెలు ఏవో మూడో పాదంలో చెప్పకుండా సమస్య పాదానికే వదిలేశారు.

పెద్దపల్లి నుంచి:

అన్నా, రాత్రి మళ్లీ కూర్చున్నాను. యతి కోసం డ్రైవుకు రేఫనే పట్టుకున్నాను, జనగామ వారి దారిలో.

బారుకోడు చూచి పట్టెను యంత్రంబు
గూటి నెఱిఁగి, టేపు గుఱుతుఁ దెలిసి
డ్రైవు ఖాళి చేసి రప్పించెఁ గొత్తది
అయిదు వచ్చి సున్న యందుఁ జేరె

హనుమకొండ: ఇప్పుడు లోడ్ అయింది తమ్మీ.