మోగ్లీ ఊరికి వెళ్లిపోవడం సరైన ముగింపేనా?

వానచినుకు:
నిన్న పిల్లలతో కూర్చుని 1967లో వచ్చిన డిస్నీ కార్టూన్ సినిమా ‘ది జంగిల్ బుక్’ మళ్లీ చూశాను. ఆ ముగింపు నాకు చిన్నప్పుడే నచ్చలేదు, ఇప్పుడైతే కోపమే వచ్చింది. చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్తాను. అడవిలో దొరికిన పసివాణ్ణి తోడేళ్లు పెంచుతాయి. పదేళ్లు గడిచాక షేర్ ఖాన్ అనే పులి ఆ వైపు తిరిగొచ్చిందని తెలిసి, పిల్లాణ్ణి మనుషుల ఊరికి పంపేయాలని తోడేళ్ల సభ తీర్మానిస్తుంది. బఘీరా అనే నల్ల చిరుత నేను దిగబెడతానంటుంది. మోగ్లీ దారి పొడవునా వెళ్లనని మొండికేస్తాడు. బాలూ అనే ఎలుగుబంటితో జత కడతాడు, కోతులకు చిక్కుతాడు, కొండచిలువ నోటి నుంచి తప్పించుకుంటాడు. చివరికి పులి తోకకు మండే కొమ్మ కట్టి తరిమేస్తాడు.

పులి పారిపోయింది. ఏ కారణంతో పంపించారో ఆ కారణమే లేదు. మరి అప్పుడేం చేస్తాడు? ఏటి దగ్గర నీళ్లు ముంచుకుంటున్న ఒక పిల్ల కనిపిస్తుంది. ఆమె కుండ జారవిడుస్తుంది, వీడు దాన్ని నింపి నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే నడిచి వెళ్లిపోతాడు.

నాకు కావలసిన జవాబు ఒక్కటే. పాలిచ్చి పెంచిన తల్లి తోడేలు ఏమైంది? సినిమా మొదట్లో కనిపించి మాయమవుతుంది. సభలో ఆమెను అడిగినవాళ్లు లేరు. వీడికీ ఎవరూ చెప్పలేదు. బఘీరా వీపు మీద కూర్చుని, నిద్రొస్తోంది ఇంటికి వెళ్దామా అంటాడు చూడండి, అప్పటిదాకా వాడికి విషయమే తెలీదు.

ఆదివారంపొద్దు:
మాకు జంగిల్ బుక్ అంటే దూరదర్శన్‌లో వచ్చిన జపాన్ సీరియలే. గుల్జార్ పాట, విశాల్ భరద్వాజ్ సంగీతం, షేర్ ఖాన్‌కి నానా పాటేకర్ గొంతు. హిందీ ఒక్క ముక్క రాకపోయినా పాట మొత్తం నోటికొచ్చేది. ముగింపు గుర్తు లేదు కానీ ఆ గొంతు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆధారం:
అసలు ఇది చర్చించాల్సిన విషయమేనా? జంతువుల మధ్య పెరిగిన పిల్లవాడు ఊరికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకునే స్థితిలో ఉండడు. 1867లో బులంద్‌షహర్ జిల్లా అడవిలో వేటగాళ్లకు ఒక పిల్లాడు దొరికాడు. తోడేలు గుహలో ఉన్నాడని చెప్పారు. ఆగ్రా దగ్గర సికంద్రా అనాథాశ్రమంలో పెట్టి దీనా శనిచర్ అని పేరు పెట్టారు. మనుషుల మధ్య అన్నేళ్లు బతికి కూడా మాట రాలేదు. 1895లో చనిపోయాడు. పసితనంలో మాటలు చెవిన పడకపోతే తర్వాత భాష పట్టుబడటం చాలా కష్టం. పాటలు పాడుతూ ఎలుగుబంటితో చిందులేసే పిల్లాడి ముగింపు మీద ఇంత పోస్టు రాసేముందు ఇది తెలుసుకోవాలి.

రాతిమెట్టు:
వానచినుకు గారూ, ముగింపు డిస్నీ వాళ్లు కల్పించింది కాదండి. మూల రచయిత కిప్లింగ్ కథల్లోనే మోగ్లీ మనుషుల్లో కలుస్తాడు. 1894లో మొదటి జంగిల్ బుక్, 1895లో రెండోది. రెండోదాంట్లో చివరి మోగ్లీ కథ చదవండి. పదిహేడేళ్ల కుర్రాడికి వసంతకాలంలో అడవిలో కాలు నిలవదు, ఎందుకో తెలియని దిగులు పట్టుకుంటుంది, చివరికి మనుషుల దగ్గరికి వెళ్తాడు. అంతకంటే ముందే, 1893లో అచ్చయిన మరో కథలో మోగ్లీ అటవీ శాఖలో కొలువు చేస్తాడు, పెళ్లి కూడా చేసుకుంటాడు. అంటే వీడు మనుషుల్లోకి వస్తాడన్నది రచయిత మనసులో మొదటినుంచీ ఉంది. ఏ పిల్లాడైనా ఎప్పటికైనా తనవాళ్ల దగ్గరికి చేరాల్సిందే. సినిమా అదే చెప్పింది, నవ్విస్తూ చెప్పింది.

బొమ్మలపెట్టె:
కథ వెనక కథ ఒకటుంది. ఈ సినిమాకి మొదట బిల్ పీట్ అనే ఆయన కథ తయారుచేశాడు. అది పుస్తకానికి దగ్గరగా, కాస్త చీకటిగా ఉండేది. వాల్ట్ డిస్నీకి నచ్చలేదు. ఇద్దరికీ పడక పీట్ స్టూడియో వదిలి వెళ్లిపోయాడు. కొత్త బృందం సరదాగా, పాత్రలే ముఖ్యంగా తీసింది. 1966 డిసెంబరులో డిస్నీ చనిపోయాడు, సినిమా తర్వాతి అక్టోబరులో విడుదలైంది. కాబట్టి తల్లి తోడేలు కనిపించకపోవడం కుట్రేం కాదు. బరువైన సీన్లు వద్దనుకున్నారు, అంతే.

ఇంకో మాట. ఊరి గుమ్మం దగ్గర మోగ్లీ ఆగి వెనక్కి చూసి, భుజాలెగరేసి నవ్వుతాడు కదా, మాట ఒక్కటి లేదు అందులో. వెళ్తున్నానన్న సిగ్గూ సంబరమూ రెండూ ఆ భుజాల్లోనే ఉన్నాయి. బొమ్మలు గీసేవాళ్లం ఆ ఒక్క షాట్‌ని ఆపి ఆపి చూస్తాం.

వానచినుకు:
రాతిమెట్టు గారూ, మీరు పుస్తకం ఎత్తారు కాబట్టి పుస్తకమే మాట్లాడదాం. అందులో తల్లి తోడేలుకి రక్ష అని పేరుంది. పులి వచ్చి పిల్లాణ్ణి ఇచ్చేయమంటే గుహ వాకిట్లో అడ్డంగా నిలబడి, వీడు నావాడు అని తిరగబడుతుంది. మోగ్లీ మొదటిసారి అడవి వదిలేటప్పుడు ఆ గుహకు వెళ్లి ఆమె ఒంటి మీద తల వాల్చి ఏడుస్తాడు. తర్వాత ఊళ్లో మెసువా అనే ఆవిడ వీణ్ణి, పులి ఎత్తుకుపోయిన తన కొడుకేమో అనుకుని చేరదీస్తుంది. ఆ మెసువాను చూడాలని రక్ష ఊరి దాకా వస్తుంది! నా బిడ్డకు పాలిచ్చిన మనిషి ఎలా ఉంటుందో చూస్తానని వస్తుంది. నేను చదివినవాటిలో ఇంతకంటే పెద్ద మనసున్న తల్లి లేదు. ఆమె చనిపోతే మోగ్లీ గుహ మూతికి బండ దొర్లించి పాట పాడి ఏడుస్తాడు.

ఇవన్నీ తీసేసి ముగింపు మాత్రం ఉంచుకున్నారు. అదీ నా అభ్యంతరం. పుస్తకంలో మోగ్లీ అందరి దగ్గరా సెలవు తీసుకుని వెళ్తాడు. సినిమాలో జారుకుంటాడు.

ఆధారం:
సినిమాలో కోతుల రాజు ఒరాంగుటాన్ అన్న సంగతి ఒక్కరైనా గమనించారా? ఒరాంగుటాన్లు ఉండేది బోర్నియో, సుమత్రా దీవుల్లో. మన అడవుల్లో లేవు. కిప్లింగ్ కథలో ఆ పాత్రే లేదు, కోతులకు రాజే లేడని ఆయన రాశాడు. మధ్యప్రదేశ్‌లోని సియోనీ కొండల్లో జరిగే కథలోకి దాన్ని తెచ్చి పెట్టినవాళ్ల నుంచి మీరు తల్లి ప్రేమ ఆశిస్తున్నారు.

చిట్టడవి:
కా అనే ఆ కొండచిలువ పుస్తకంలో మోగ్లీ స్నేహితుడు. కోతుల నుంచి కాపాడేదే అది. సినిమాలో దాన్ని విలన్ చేశారు. నాకు ఆ బాధే ఎక్కువ.

వానచినుకు:
ఆధారం గారూ, ఒరాంగుటాన్ గురించి వేరే చర్చ పెట్టుకోండి, దయచేసి.

ఆధారం:
ఎందుకు వేరే పెట్టాలి? అడవి తప్పు, జంతువులు తప్పు, పెంపకం తప్పు అయినప్పుడు ముగింపు ఒక్కటే ఒప్పో తప్పో ఎలా తేలుస్తారు? 1920లో మేదినీపూర్ దగ్గర దొరికారన్న అమల, కమల కథ కూడా ఇంతే. తోడేళ్లు పెంచాయని ప్రపంచమంతా నమ్మింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. దానికి ఆధారం అనాథాశ్రమం నడిపిన ఒక్క పాస్టర్ రాతలే. తర్వాత వెతికినవాళ్లు ఆ రాతల్ని నమ్మలేమన్నారు. పుట్టుకతోనే ఏదో లోపం ఉండి, ఇంట్లోవాళ్లు వదిలేసిన పిల్లల్ని పట్టుకుని తోడేళ్ల పిల్లలన్నారని చాలామంది అభిప్రాయం. ఆ పిల్లల్ని పెంచింది తోడేళ్లు కాదు, వదిలేసింది మాత్రం మనుషులు. దాని మీద ఏడవండి.

రాతిమెట్టు:
78 నిమిషాల పిల్లల సినిమా అది. అందులో తల్లి తోడేలు ఏడుపు సీన్ పెట్టలేదని మొత్తం ముగింపే అన్యాయం అంటే ఎలా? ఆ పిల్లాడు నవ్వుతూ వెళ్లాడు. చూసిన పిల్లలకు అది చాలు. పెద్దవాళ్లమే లేని గాయాలు వెతుక్కుంటాం.

వానచినుకు:
లేని గాయాలా?

నన్ను మా పెద్దమ్మ పెంచింది. పురిట్లో అమ్మకు బాగోలేకపోతే పెద్దమ్మ తీసుకెళ్లింది. తర్వాత అమ్మ కోలుకున్నా నేను అక్కడే ఉండిపోయాను. బడికి వెళ్లడం, జడ వేయించుకోవడం, జ్వరం వస్తే ఎవరి పక్కలో పడుకోవాలి అన్నది, అన్నీ పెద్దమ్మే. ఒకరోజు సెలవులకని చెప్పి మా నాన్న తీసుకెళ్లారు. సెలవులైపోయాయి, కొత్త బడిలో చేర్చారు. పెద్దమ్మను అడిగితే “నీ మంచికే తల్లీ” అంది ఫోన్లో. ఆవిణ్ణి కూడా ఎవరూ అడగలేదని పెద్దయ్యాక తెలిసింది. నా బట్టలు సర్దుతున్నప్పుడు సెలవులకే అనుకుందట ఆవిడ.

నేనూ నవ్వుతూనే వెళ్లాను రాతిమెట్టు గారూ. నాన్నతో బస్సు ఎక్కుతున్నానని సంబరం. ఆ ఫొటో ఉంది మా ఇంట్లో. ఆ నవ్వు చూపించి “ఎంత సంతోషంగా వచ్చిందో” అని ఇప్పటికీ చుట్టాలకు చెప్తారు. పెంచినవాళ్లకు ఏమవుతుందో మీకు తెలిస్తే ఆ మాట అనరు.

చిట్టడవి:
అక్కా...

రాతిమెట్టు:
నాకు తెలీదని మీరెలా అనుకున్నారు?

మా అమ్మాయిని మేం దత్తత తీసుకున్నాం. ఊహ తెలిసినప్పుడే చెప్పాం. ఇప్పుడు పెద్దదైంది, కన్నతల్లిని వెతుక్కుంటానంటోంది. మా ఆవిడ పది రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నేనే కూర్చోబెట్టి చెప్పాను, వెళ్లనీ, అడ్డం పడకు, మన ముఖాలు చూసి ఆగిపోయేలా చెయ్యకు అని. నేను ఆ ముగింపుని ఎందుకు సమర్థిస్తున్నానో ఇప్పుడైనా అర్థం చేసుకోండి. తల్లి తోడేలు చివర్లో వచ్చి చెట్టు చాటున నిలబడి చూసిందనుకోండి, ఆ పిల్లాడు కదులుతాడా? కుండ అక్కడే పెట్టేసి వెనక్కి పరిగెత్తుతాడు. వాణ్ణి నవ్వుతూ వెళ్లనిచ్చారు. పెంచినవాళ్లు చేయగలిగిన పెద్ద పని అదే.

వానచినుకు:
మీ అమ్మాయి పెద్దది. తనంతట తను అడిగింది. మీరు సరేనన్నారు. నా విషయంలో, మోగ్లీ విషయంలో అలా జరగలేదు. పదేళ్ల పిల్లాడి గురించి సభ కూర్చుని తేల్చేసింది. నేనంటున్నది అదే. పంపడం తప్పనడం లేదు. చెప్పకుండా పంపడం తప్పు, అడక్కుండా పంపడం తప్పు.

రాతిమెట్టు:
అడిగితే ఏమవుతుంది? పదేళ్ల పిల్లను ముందు నిలబెట్టి పెద్దమ్మ కావాలా, అమ్మ కావాలా అంటే ఆ పిల్ల ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్లను కాదన్న పాపం జీవితాంతం మోస్తుంది. మిమ్మల్ని అడగనందుకు మీకు కోపం. అడిగి ఉంటే మీ మీద మీకే కోపం ఉండేది. పిల్లల బరువు పిల్లల మీద పెట్టకూడదు. నిర్ణయం పెద్దవాళ్లు చేయాలి, తిట్లూ పెద్దవాళ్లే తినాలి. బఘీరా చేసింది అదే. పిల్లాడు దారంతా దాన్ని తిట్టుకున్నాడు, అది పడింది.

వానచినుకు:
బఘీరా దారంతా వాడి వెంటే ఉంది. కోపం వచ్చి వదిలేసి వెళ్లినా తిరిగొచ్చింది. మా ఇంట్లో నన్ను దిగబెట్టినవాళ్లెవరూ తర్వాత నా మొహం చూసి ఎలా ఉన్నావని అడగలేదు. పిల్ల బరువు తీసేశామనుకుంటారు, కానీ తీసింది నోరు. బరువు అలాగే ఉంది.

ఎవరు కావాలి అని అడగొద్దు, ఒప్పుకుంటాను అనుకోండి. వెళ్లిపోతున్నాం అని చెప్పొచ్చు కదా? పెద్దమ్మను కౌగిలించుకోవడానికి ఒక్క పూట ఇవ్వొచ్చు కదా? దానికి ఏ పిల్ల మీద ఏ పాపం పడుతుంది?

బొమ్మలపెట్టె:
2016లో అదే సంస్థ మళ్లీ తీసిన సినిమాలో మీరడిగిన సీన్ ఉంది వానచినుకు గారూ. అడవి వదిలేముందు రక్ష దగ్గర మోగ్లీ సెలవు తీసుకుంటాడు. చివరికి అడవిలోనే ఉండిపోతాడు కూడా. అంటే యాభై ఏళ్లలో వాళ్లే జవాబు మార్చుకున్నారు.

రాతిమెట్టు:
మార్చుకుని పాడుచేశారు. ఎప్పటికీ అడవిలో ఉండిపోయే మనిషి పిల్లాడు ఏమవుతాడు? దీనా శనిచర్ గురించి ఆధారం గారు పైన రాసింది చదవండి.

ఆధారం:
నా పోస్టును దీనికి వాడకండి. శనిచర్‌ను మనుషుల్లోకి తెచ్చాక కూడా బాగుపడలేదని నేను రాశాను. మీ ఇద్దరి వాదనకూ అది పనికిరాదు.

నీలిగువ్వ:
నేను మొదటినుంచీ చదువుతున్నాను. మా బాబుకి ఆరేళ్లు. ఏది ముందు చూపించాలి? ఎవరైనా సూటిగా చెప్పండి.

బొమ్మలపెట్టె:
1967ది. 2016 సినిమాకి మన సెన్సార్ వాళ్లు యూ/ఏ ఇచ్చారు. త్రీడీలో పులి మీద పడ్డట్టే ఉంటుంది, ఆరేళ్లవాడు జడుసుకుంటాడు.

రాతిమెట్టు:
1967దే. చూశాక మోగ్లీ ఎందుకు వెళ్లాడని వాడు అడిగితే, పెద్దవాడవుతున్నాడు కాబట్టి అని చెప్పండి.

వానచినుకు:
1967దే చూపించండి, పాటలు బాగుంటాయి. అయిపోయాక మాత్రం తల్లి తోడేలు సంగతి మీరే ఎత్తండి, వాడు అడిగేదాకా ఆగొద్దు. గుహకు వెళ్లి ఆమెకు చెప్పి, ఏడ్చి మరీ వెళ్లాడని పుస్తకంలో ఉంది. ఆ భాగం చదివి వినిపించండి. మా పిల్లలకు నిన్న రాత్రి అదే చేశాను.