తాటికాయంత అక్షరాలు అంటే సరిపోతుందా?

నిన్న ఇక్కడ ఒక తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. షాపుల పేర్లకీ పత్రికల హెడ్డింగులకీ కొన్ని ఖతులు (ఫాంట్లు) వాడతారు కదా, ఒక గీత బాగా లావుగా, పక్కనున్న గీత వెంట్రుకంత సన్నగా ఉంటాయి, వాటిని తెలుగులో ఏమనాలి అని. చాలామంది "తాటికాయంత అక్షరాలు" అని జవాబిచ్చారు. ఆ మాట నాకూ చాలా ఇష్టం. కానీ తమ్ముడు అడిగింది అది కాదు.

తాటికాయంత అంటే సైజు. "పేపర్లో తాటికాయంత అక్షరాలతో వేశారు" అంటే దూరం నుంచి కూడా కనపడేలా వేశారని. సన్నటి గీతలతో రాసినా అక్షరం తాటికాయంత ఉండొచ్చు. విలేకరులు వాడే 'పతాక శీర్షిక' ఆ వార్తకు పేజీలో ఇచ్చిన చోటును చెప్తుంది. ఇక కంప్యూటర్ తెలుగులో బోల్డ్‌ను 'బొద్దు' అన్నారు. చక్కటి మాట. బొద్దుగా ఉన్న పిల్లాడంటే బుగ్గలూ చేతులూ పొట్టా అన్నీ నిండుగా ఉన్నవాడేగా! గీతలన్నీ ఒకే లావున ఉండే అక్షరానికి అది సరిగ్గా సరిపోతుంది. ఒకే అక్షరంలో లావూ సన్నమూ రెండూ ఉంటే మాత్రం సరిపోదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పద్ధతికి పెద్ద పేరు బోడోనీది. ఇటలీలోని పార్మాలో అచ్చుపని చేసినాయన, 1740లో పుట్టి 1813లో పోయాడు. ఆయన అక్షరాల్లో నిలువు గీతలు లావు, అడ్డగీతలు సన్నం. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ఆ లావును ఇంకా పెంచి పోస్టర్లకు వాడారు. అక్కడ నిలువుగీత, అడ్డగీత వేరువేరుగా తెలుస్తాయి కాబట్టి ఏది లావు చెయ్యాలో సులువుగా తేలిపోతుంది. మనది తాటాకు మీద గంటంతో గీసిన లిపి. గంటం మొనను ఎటు తిప్పినా గీత లావు మారదు. పైగా మనవన్నీ గుండ్రాలు. అందుకే తెలుగులో లావు ఎక్కడ, సన్నం ఎక్కడ అనేది ఖతి చేసేవాళ్లు కూర్చుని ఆలోచించి తేల్చుకోవలసిన పని.

అలా ఆలోచించకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మా మేనత్త కొడుకు విజయవాడ గవర్నర్‌పేటలో మెస్ పెట్టినప్పుడు బోర్డు మీద 'ఇంటి భోజనం' అని వేయించాడు. కంప్యూటర్లో చూస్తే ఎంతో అందంగా ఉంది. గుండ్రాలన్నీ లావు, చిన్న గీతలన్నీ సన్నం. బోర్డు పైకెక్కించాక రోడ్డు అవతల నుంచి చూస్తే 'ఇంటి బోజనం'! బోకీ భోకీ మధ్య ఉన్న తేడా అంతా కింద ఉండే ఆ ఒక్క ఒత్తు గీతే. అదే కనపడలేదు. వాడికి డబ్బు పోయినందుకు కన్నా, ఊళ్లో తప్పు తెలుగు బోర్డు పెట్టినట్టయిందని ఎక్కువ బాధ. చివరికి బోర్డులు రాసే ఒక పెద్దాయనను పిలిపించాం. ఆయన ఫ్లాట్ బ్రష్‌తోనే రాశారు. దాని వెడల్పు వైపు లాగితే లావు, అంచు మీద లాగితే సన్నం. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బ్రష్ తిప్పి గీతను నిండుగా దించారు. పని చేస్తున్నంతసేపూ ఆయన నోట వచ్చిన మాటలు రెండే: లావు, సన్నం.

నేను ప్రతిపాదించే పేరు అక్కడి నుంచే. మిట్టపల్లాలు అన్నట్టు 'లావుసన్నాలు'. తమ్ముడు అడిగిన రకం 'లావుసన్నాల శీర్షిక ఖతి'.

*

గుంటూరు నుంచి ఒకరు: లావుసన్నాలు అంటే మనుషుల గురించి మాట్లాడుతున్నట్టు ఉందండీ. హెచ్చుతగ్గులు అనకూడదా?

అనొచ్చండీ, తప్పు కాదు. కానీ మీ ఊళ్లోనే చూడండి, హెచ్చుతగ్గులు అనగానే మిర్చి యార్డులో ధరలు గుర్తొస్తాయి. నిన్న ఎక్కువ, ఇవాళ తక్కువ. అంటే కాలంతో మారేది. ఇక్కడ లావూ సన్నమూ ఒకే అక్షరంలో పక్కపక్కనే ఉన్నాయి. మనుషులకు వాడే మాట అక్షరాలకూ వస్తే నాకైతే సంతోషమే. బొద్దు కూడా అలా వచ్చిందేగా.

ఇంకొకరు: మరి 'రామభద్ర' ఖతిని ఏమంటారు?

అది శీర్షికల కోసం, పోస్టర్ల కోసం చేసిందే. అష్టదిగ్గజాల్లో ఒకరైన అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టారు. దాన్ని 'బొద్దు శీర్షిక ఖతి' అంటే చాలు, అక్కడ లావుసన్నాల మాట అక్కర్లేదు.

తమ్ముడూ, నువ్వు ఎంచుకున్న ఖతిలో ఈ మూడు మాటలూ టైప్ చేసి చూడు: భోజనం, ధనం, షాపు. ఫోన్లో బాగా చిన్నవి చేసి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువు. ధ కింద గీత పోతే దనం, ష లోపలి గీత పోతే పాపు. మూడూ సరిగ్గా చదవగలిగితే బోర్డుకు ఇచ్చెయ్యి.