మోటార్‌వే మీద అరగంటకి ఆగిపోతున్న 1972 ఎంజీబీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

బర్మింగ్‌హామ్ శ్రీను:
అందరికీ నమస్కారం. పోయిన చలికాలంలో 1972 ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొన్నాను. ఊళ్లో బాగానే తిరుగుతోంది. ఎం40 ఎక్కి ఆక్స్‌ఫర్డ్ వైపు వెళ్తే మాత్రం అరగంట దాటాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముందు కుదుపులేమీ ఉండవు, ఎవరో తాళం తిప్పేసినట్టే. పావుగంట ఆగితే మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది. కాయిల్, ప్లగ్గులు, పాయింట్లు (స్పార్క్ కోసం కాయిల్ కరెంటుని తెంచే స్విచ్), వాటికి తోడుండే కండెన్సర్ అన్నీ కొత్తవే. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటోంది. గరాజ్‌లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, వేరే కార్బ్యురేటర్, కొత్త పెట్రోల్ పంపు అన్నీ ఒకేసారి వేసేద్దాం అంటున్నారు. పిల్లల్ని ఎక్కించుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. నిజంగా అవన్నీ అవసరమా?

గ్రీజు చేతులు:
శ్రీనుగారూ, పర్సు లోపల పెట్టండి. అన్నీ కొత్తవే అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. వీటికి ఇప్పుడొచ్చే చవక కండెన్సర్లు వేడెక్కగానే చేతులెత్తేస్తాయి, చల్లారాక బుద్ధిగా పనిచేస్తాయి. మీరు చెప్పిన లక్షణం అదే. అయినా ఊహ మీద పార్టు కొనకండి, ముందు పట్టుకోండి.

ఈసారి ఆగినప్పుడు తాళం ఆన్ చేసి చెవి పెట్టండి. ఎస్‌యూ కంపెనీ పెట్రోల్ పంపు వెనక కుడి చక్రం దగ్గర ఉంటుంది. టకటకమని కొట్టుకుని, కార్బ్యురేటర్లు నిండాక ఆగాలి. మీ మోడల్లో కాయిల్‌కీ పంపుకీ కరెంటు వెళ్లేది తెల్ల వైర్ల మీదే, వాటికి ఫ్యూజు లేదు. పంపు కొట్టుకుంటూ స్పార్క్ లేకపోతే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది, పాయింట్లూ కండెన్సరూ అందులోనే) వైపు చూడాలి. పంపూ లేదు, స్పార్కూ లేదంటే ఇగ్నిషన్ స్విచ్, లేదా ఆ తెల్ల వైరు దారిలో ఉన్న ఏదో జాయింటు. స్పార్క్ బాగుండి పంపు మూగబోతే దాని మీద మెల్లగా తట్టండి. కదిలిందంటే పంపు లోపలి పాయింట్లు అరిగినట్టే. పెట్రోల్ మూత తీయగానే గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే ట్యాంకుకి గాలి దారి మూసుకుపోయింది.

స్పార్క్ చూడటం మాత్రం హార్డ్ షోల్డర్ (మోటార్‌వే అంచున బండి ఆపుకునే వరస) మీద వద్దు. అక్కడ దిగి కంచె అవతల నిలబడటమే మీ పని. ఇంటి దగ్గర ఇంజన్‌ని బాగా వేడెక్కనిచ్చి చూసుకోండి.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసినప్పుడు లోపల ప్లేటుని బాడీకి కలిపే చిన్న ఎర్త్ వైరు ఉంటుంది, దాన్ని వేలితో లాగి చూడండి. పైకి బాగానే కనిపిస్తూ తొడుగు లోపల తెగి ఉంటుంది. ఆ మూత కిందే తిరిగే రోటార్ ఆర్మ్‌కి రివెట్ ఉంటే మార్చేయండి. రివెట్ లేని ఎర్రది దొరుకుతుంది.

ఈ బండ్లలో ఉండే లూకాస్ కంపెనీ కరెంటు సామాన్లు ఊరికే పాడవుతాయని వేసే జోకులు మీరూ వినే ఉంటారు. నాకు అవి నచ్చవు. యాభై ఏళ్లుగా ఎవరూ ముట్టని బుల్లెట్ కనెక్టర్లకి (వైర్లని కలిపే చిన్న జాయింట్లు) తుప్పు పడితే అది సామాను తప్పా? ఒక ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ ఊడదీసి, మెరిసేలా రుద్ది, కాస్త వాజెలిన్ రాసి బిగించండి. ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీని మరిచిపోవద్దు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ తెగితే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేస్తుంటే చోక్ దగ్గర పొగ వస్తే భయపడకండి, పట్టీ చూడండి.

అబింగ్‌డన్ పక్కవీధి:
మీ బండి పుట్టింది మా ఊళ్లోనే, ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. నాదొక్క మాట. 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు గొట్టాల్ని ఇథనాల్ తినేస్తుంది. సూపర్ గ్రేడ్ ఈ5 (ఇథనాల్ ఐదు శాతం లోపే) కొట్టించండి, గొట్టాలు ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం వేయించండి. గొట్టం చెమర్చితే కారు ఆగడం కాదు, అంటుకుంటుంది.

బర్మింగ్‌హామ్ శ్రీను:
ఇద్దరికీ థాంక్స్. శనివారం ఇంటి ముందు వేడెక్కేదాకా నడిపాను, ఆగింది. పంపు కొట్టుకుంటోంది, స్పార్క్ లేదు. ఎర్త్ వైరు గట్టిగానే ఉంది. పాత కండెన్సర్ డబ్బాలో దొరికితే అదే బిగించాను. ఆ తర్వాత గంటసేపు నడిపినా ఆగలేదు! ఇంకొక్కటి అన్నా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అసలు వద్దంటారా?

గ్రీజు చేతులు:
వద్దనను. మంచిదైతే పాయింట్ల గోల తప్పుతుంది. కాకపోతే అది పోతే పోయినట్టే, రోడ్డు పక్కన చేసేదేం ఉండదు. వేయించుకున్నా పాయింట్లు, ఆ పాత కండెన్సర్, 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) మందం ఫీలర్ గేజ్ డిక్కీలో ఉంచుకోండి. పాయింట్ల గ్యాప్‌కీ వాల్వుల గ్యాప్‌కీ ఆ ఒక్క బ్లేడే సరిపోతుంది. ముందు చక్రాలు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకి 3,000 మైళ్లకోసారి గ్రీజు కొట్టండి, కార్బ్యురేటర్ల పైన డాష్‌పాట్లు అనే గొట్టాల్లో నూనె చూసుకోండి. 40 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఎంఓటీ (ఇక్కడ బండ్లకి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) తప్పనిసరి కాదు. నేనైతే ఏటా చేయిస్తా. కింద తుప్పు ఎక్కడుందో లిఫ్ట్ మీద ఎక్కిస్తేనే కనపడుతుంది, ముఖ్యంగా తలుపుల కింద ఉండే సిల్స్ దగ్గర.