సోఫాలో మందు, చేపలో విషం: ఇంగ్లాండ్ ఫర్నిచర్ చట్టం ఉండాలా, పోవాలా?

శీను_డర్బీ
పోయిన వారం పాత సోఫా పారేద్దామని వ్యాన్ మాట్లాడుకుని టిప్‌కి (కౌన్సిల్ వాళ్ళ చెత్త కేంద్రానికి) తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఫోములో, గుడ్డలో మంట అంటుకోకుండా కలిపిన మందు ఉంటుందట. 2023 జనవరి నుంచి అలాంటి సోఫాల్ని పూడ్చనివ్వడం లేదు, విడిగా తీసుకుని కాల్చెయ్యాల్సిందే అన్నారు. మంట అంటకూడదని పెట్టిన మందుని వదిలించుకోవాలంటే మంటలోనే వెయ్యాలన్నమాట!

ఇంటికొచ్చి చదివితే ఇంకో సంగతి తెలిసింది. 2019 లెక్కల్లో ఇంగ్లాండ్‌లో ఒక్క నది కూడా రసాయనాల పరీక్ష పాస్ కాలేదు. పాదరసంతో పాటు పీబీడీఈ అనే ఈ మందే ముఖ్య కారణం. 1988లో వచ్చిన ఫర్నిచర్ చట్టంలో సోఫాకి అగ్గిపుల్ల మంట పెట్టి అంటుకుంటుందా అని చూసే పరీక్ష ఉంది, అందుకోసమే కంపెనీలు ఇలాంటి మందులు కలుపుతాయి. ఆ పరీక్ష తీసెయ్యాలని నా ఓటు. మీరేమంటారు?

ఉమ_మాంచెస్టర్
తొందరపడకండి శీను గారూ. 1979లో మా ఊళ్ళో వూల్‌వర్త్స్ షాపు తగలబడి 10 మంది చనిపోయారు. అమ్మకానికి పెట్టిన ఫర్నిచర్‌లోనే మొదలైంది ఆ మంట. ఫోము అంటుకుందంటే నిమిషాల్లో గదంతా నల్లటి పొగ. చట్టం వల్ల 2002–2007 మధ్య ఏడాదికి 54 ప్రాణాలు దక్కాయని ప్రభుత్వం చేయించిన అధ్యయనం అంచనా వేసింది. చేపల కోసం వాళ్ళని వదిలేద్దామా?

గాలం_రాజు
ఉమక్కా, ఆ రోజుల్లో ఇంటింటా సిగరెట్ కాల్చేవాళ్ళు, స్మోక్ అలారాలు లేవు. వాటి పుణ్యమెంత, సోఫా మందు పుణ్యమెంత అని విడదీయడం అంత తేలిక కాదు. ఫ్రాన్స్, జర్మనీల్లో ఇళ్ళ సోఫాలకి ఈ అగ్గిపుల్ల పరీక్షే లేదు. కాలిఫోర్నియాలో 1975 నుంచి ఇలాంటి రూలే ఉండేది. 2013లో మార్చి, సిగరెట్ లాంటి నిప్పుకి రాజుకోకపోతే చాలన్నారు. దానికి ఫోములో మందు అక్కర్లేదు.

ల్యాబ్‌కోటు
నేను నీళ్ళ పరీక్షల పనిలో ఉన్నాను. శీను గారు చెప్పింది నిజమే గానీ సగమే. 2016లో 97 శాతం పాస్, 2019లో సున్నా. మూడేళ్ళలో నదులన్నీ పాడైపోలేదండీ, కొలిచే పద్ధతి మారింది. పీబీడీఈ నీళ్ళలో సరిగ్గా కరగదు, కొవ్వుని పట్టుకుంటుంది. చేప మాంసంలో చూడటం మొదలుపెట్టేసరికి బయటపడింది.

సోఫాలోంచి దుమ్ములోకి, దుమ్ము బట్టల్లోకి, వాషింగ్ మెషీన్ నీళ్ళతో మురుగు ప్లాంట్‌కి, అక్కణ్ణించి నదికి. అడుగు బురదలో పురుగు తింటుంది, పురుగుని చేప, చేపని నీటికుక్క. పై మెట్టుకి వెళ్ళేకొద్దీ మోతాదు పెరుగుతుంది.

ఉమ_మాంచెస్టర్
అయితే ఆ గీత ఎక్కడ గీశారో కూడా చెప్పండి. కిలో చేపలో 0.0085 మైక్రోగ్రాములు దాటితే ఫెయిల్! అలాగైతే ఏ చేప పాసవుతుంది?

ల్యాబ్‌కోటు
నిజమే, చాలా కింద గీశారు. చేపలు చచ్చిపోయే మోతాదు కాదది, జీవితాంతం చేప తినే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. ఫెయిలైన నదల్లా చచ్చిన నది కాదు.

కానీ హెచ్‌బీసీడీ అనే ఇంకో మందు కథ వినండి. ఉత్తర ఇంగ్లాండ్‌లోని న్యూటన్ ఐక్లిఫ్‌లో అది తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. దాని దిగువన స్కెర్న్ నదిలోని ఈల్ చేపల్లో, అదే మన మలుగుపాముల్లో, విపరీతంగా కనిపించింది. బ్రిటన్ తీరానికి కొట్టుకొచ్చిన పోర్పాయిస్‌ల (డాల్ఫిన్ లాంటి జంతువుల) కొవ్వులోనూ 2001 నుంచి ఒక్కసారిగా పెరిగింది. 2003లో ఫ్యాక్టరీ మూతపడింది, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. కారణం అదొక్కటే అనను. కానీ మూలం దగ్గర ఆపితే సముద్రంలో కూడా తేడా కనబడుతుంది.

గాలం_రాజు
ఇక్కడ ఈల్ గాలానికి పడితే చట్టప్రకారం వదిలెయ్యాలి, జాతే తగ్గిపోతోందని. అందుకే నాకీ విషయంలో ఒళ్ళు మండుతుంది. మందుతో కాకపోయినా :)

ఉమ_మాంచెస్టర్
పీబీడీఈ, హెచ్‌బీసీడీ రెండూ స్టాక్‌హోమ్ ఒప్పందంలో, అంటే త్వరగా నశించని విష రసాయనాల మీద దేశాలు చేసుకున్న ఒప్పందంలో, నిషేధం కింద ఉన్నాయి. పాత పాపానికి కొత్త సోఫాని ఎందుకు తిట్టడం?

ల్యాబ్‌కోటు
కొత్తదానిలో టీసీపీపీ అనే ఇంకో మందు వాడుతున్నారు కాబట్టి. ఇది కొవ్వులో అంతగా పేరుకోదు గానీ నీళ్ళతో పోతుంది, మురుగు ప్లాంట్ దీన్ని సరిగా ఆపలేదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. ఇంకోటి, సెంట్రల్ లాంకషైర్ యూనివర్సిటీ వాళ్ళు సోఫాలు తగలబెట్టి చూశారు. మందున్న బ్రిటన్ సోఫా నెమ్మదిగా కాలింది, కానీ పొగలో విషవాయువులు ఎక్కువ.

ఉమ_మాంచెస్టర్
నెమ్మదిగా కాలింది అన్నారు కదా. మెట్లు దిగి బయటపడటానికి ఆ టైమే కావాలి.

మణికొండ_మావయ్య
మధ్యలో దూరుతున్నా. మన దేశంలోనూ 2018లో హెచ్‌బీసీడీ, కొన్ని పీబీడీఈలు నిషేధించారు. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో పీబీడీఈ 0.1 శాతం దాటకూడదని రూలుంది. కానీ పాత మానిటర్ల ప్లాస్టిక్‌ని ఊరి బయట కాల్చేవాడికి ఆ రూలు ఎవరు చదివి వినిపిస్తారు? మీకు కనీసం గేటు దగ్గర ఆపేవాడున్నాడు.

శీను_డర్బీ
మావయ్యా, దానికి వేరే థ్రెడ్ పెట్టండి, వస్తాను.

ఇప్పుడే సోఫా తిరగేసి చూశాను. లేబుల్ మీద పెద్దక్షరాలతో ‘అజాగ్రత్తే అగ్నికి కారణం’ అని ఉంది. ఏం మందు కలిపారో ఒక్క ముక్క లేదు. నా ఓటు కొంచెం మారుస్తున్నా. మన చట్టంలోనే ఉన్న సిగరెట్ నిప్పు పరీక్ష ఉండనివ్వండి, అగ్గిపుల్లది తీసెయ్యండి, కలిపిన ప్రతి మందు పేరూ లేబుల్ మీద రాయించండి.

ఉమ_మాంచెస్టర్
లేబుల్‌కి నేనూ సరే. అగ్గిపుల్ల మాత్రం వదలను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, దీపావళికి కాకరపువ్వొత్తులు హాల్లోనే వెలిగిస్తారు.