రైకార్డ్ గొప్ప కోచా, గొప్ప ఆటగాళ్లు దొరికిన అదృష్టవంతుడా?

గోదారి మిడ్‌ఫీల్డర్:
నిన్న రాత్రి మావాళ్లతో బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ కోచ్‌ల గురించి మాట వచ్చింది. క్రైఫ్ పేరు వచ్చింది, గార్డియోలా పేరు పదిసార్లు వచ్చింది. 2006లో యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ తెచ్చిపెట్టిన ఫ్రాంక్ రైకార్డ్ ఊసే లేదు. నేను ఎత్తితే, "రొనాల్డిన్హో ఆడాడు, గెలిచారు, ఈయన పక్కన నిలబడి చూశాడు" అని కొట్టిపారేశారు. నాకు మనసొప్పలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

2003లో ఆయన వచ్చేనాటికి క్లబ్ ఎలా ఉందో గుర్తు చేసుకోండి. 1999 తర్వాత స్పెయిన్ లీగ్ టైటిల్ లేదు. అంతకుముందు సీజన్‌లో ఆరో స్థానం. ఈయన మొదటి సీజన్‌లో తొలి సగం కూడా ఘోరమే, డిసెంబరులో మాలాగా చేతిలో 5-1తో ఓడారు. జనవరిలో యువెంటస్ నుంచి ఎడ్గార్ డేవిడ్స్ అరువు మీద వచ్చాడు. మధ్యలో బంతి లాక్కునే మనిషి దొరికేసరికి జావికి ముందుకు వెళ్లే స్వేచ్ఛ వచ్చింది, జట్టు మొత్తం కుదురుకుంది. సీజన్ చివరికి రెండో స్థానం. ఆటగాడిగా డచ్ క్లబ్ అయాక్స్‌లో, ఇటలీ క్లబ్ మిలాన్‌లో ఏళ్ల తరబడి ఆ మధ్యలోనే నిలబడ్డవాడు కాబట్టే ఆ లోటు ఆయన కంట పడిందని నా నమ్మకం. తర్వాత 2005, 2006 లీగ్‌లు వరుసగా. ఇంకేం చేస్తే గొప్ప కోచ్ అంటారు?

కాజీపేట జంక్షన్:
అన్నా, ఆటగాడిగా రైకార్డ్ అంటే నాకూ పానం. 1990 యూరప్ కప్పు ఫైనల్ల మిలాన్ తరఫున బెన్ఫికా మీద ఒకే ఒక్క గోల్, అది గీయనదే. కానీ కోచ్ ముచ్చట వేరే. జావి, పుయోల్, ఇనియెస్టా, వాల్డెస్, నలుగురిని ఫస్ట్ టీంల ఆడించింది పాత కోచ్ వాన్ గాల్. రొనాల్డిన్హోను తెచ్చింది క్లబ్ ప్రెసిడెంట్ లాపోర్తా కొత్త బోర్డు. 2004 ఎండకాలంల డెకో, ఎటో, లార్సన్, జూలీ, బెలెట్టి, ఎడ్మిల్సన్ అందరూ ఒక్కసారే వచ్చిన్రు. గంత సరుకు చేతికిస్తే గెలవకుండ ఎట్లుంటడు?

ఇగ 2007 సంగతి నువ్వు ఎత్తనే లేదు. లీగ్‌ల రియల్ మాడ్రిడ్, బార్సా ఇద్దరికీ 76 పాయింట్లే. గోల్స్ తేడాల బార్సానే మెరుగు, అయినా ముఖాముఖి మ్యాచ్‌ల లెక్కతోని టైటిల్ పోయింది. ఎస్పాన్యోల్ మ్యాచ్‌ల ఆఖరి నిమిషాలల్ల వాళ్ల తముడో కొట్టిన గోల్ యాదికొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటది. అదే ఏడు కోపా (స్పెయిన్ కప్పు) సెమీస్‌ల హెటాఫే మీద మొదటి మ్యాచ్ 5-2 గెలిచి, రెండోది 4-0తో ఓడిన్రు. మొదటి మ్యాచ్‌ల సగం మైదానం ఉరికి గోల్ కొట్టిన మెస్సీ రెండో మ్యాచ్‌ల లేడు. గెలిచిందనుకున్న పోటీని అట్ల వదులుకున్న కోచ్‌ను గొప్పోడంటే నాకు ఒప్పబుద్ధి కాదు.

రోటర్‌డామ్ రాజు:
నేను నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు ఉద్యోగానికి వచ్చి తొమ్మిదేళ్లు. మా ఇంటి నుంచి ఇక్కడి స్పార్టా క్లబ్ స్టేడియానికి నడిచి వెళ్లొచ్చు. కోట అనే అర్థం వచ్చే పేరే దానికి, చూడటానికీ బురుజులతో అలాగే ఉంటుంది. 1888లో పుట్టిన ఆ క్లబ్ 2002 దాకా ఎన్నడూ పై డివిజన్ నుంచి దిగిపోలేదు. దిగిపోయిన ఏడాది కోచ్ రైకార్డే. ఇక్కడి పెద్దవాళ్ల దగ్గర ఆ పేరెత్తితే ఒక్క క్షణం మాట ఆగుతుంది. డబ్బుల్లేని క్లబ్, బలహీనమైన జట్టు, అది నిజమే. కానీ గొప్ప ఆటగాళ్లు లేనప్పుడు ఆయన ఏం చేయగలడన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుందని నాకనిపిస్తుంది.

గోదారి మిడ్‌ఫీల్డర్:
రాజు గారూ, స్పార్టా సంగతి కాదనను. కానీ దానికి రెండేళ్ల ముందు ఏం జరిగిందో కూడా చెప్పాలి కదండీ. 2000 యూరోలో (యూరప్ దేశాల కప్పు) ఆయన కోచింగ్‌లో నెదర్లాండ్స్ జట్టు యుగోస్లావియా మీద 6-1 గెలిచింది. సెమీస్‌లో పది మందితో మిగిలిన ఇటలీ మీద మ్యాచ్‌లోనే రెండు పెనాల్టీలు పోగొట్టారు, షూటౌట్‌లో ఇంకో మూడు. ఆరు పెనాల్టీల్లో గోలైంది ఒక్కటే. బంతి తన్నింది కోచ్ కాదు. అయినా ఓటమి భారం తన నెత్తిన వేసుకుని ఆ రాత్రే రాజీనామా ప్రకటించాడు. అంత అందంగా ఆడిన జట్టును ఆడించినవాడు ఆటగాళ్ల దయ మీద బతికాడంటే ఎలా?

కాజీపేట తమ్ముడూ, వాన్ గాల్ మాట నిజమే, ఒప్పుకుంటా. మరి మెస్సీ? 2003 నవంబరులో పోర్తో మీద స్నేహపూర్వక మ్యాచ్‌లో పదహారేళ్ల పిల్లాడిని దింపింది ఎవరు? 2004 అక్టోబరులో ఎస్పాన్యోల్ మీద లీగ్‌లో ఆడించింది ఎవరు? ఎడమ కాలి వాడిని కుడి వింగ్‌లో పెట్టి లోపలికి కోసుకొచ్చేలా చేసింది ఎవరు? ఇంకో లెక్క చూడు. 2009 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, ఈయన తర్వాత వచ్చిన గార్డియోలా దింపిన పదకొండు మందిలో తొమ్మిది మంది రైకార్డ్ కింద ఆడినవాళ్లే. కొత్తవాళ్లు పికే, బుస్కెట్స్ ఇద్దరే.

ప్యారిస్ వాన:
నేను 2006 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గురించే చెప్తాను. మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఇంట్లో అందరూ పడుకుంటే టీవీ శబ్దం తీసేసి చూశాను. 18వ నిమిషంలో ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమాన్‌కి రెడ్ కార్డ్. అయినా పది మంది ఆర్సెనల్ క్యాంప్‌బెల్ తలతో ముందుకెళ్లింది. బయట వాన, లోపల బార్సా ఆట ఎటూ కదలడం లేదు. విరామంలో రైకార్డ్ ఎడ్మిల్సన్‌ను తీసి ఇనియెస్టాను పంపాడు. గంట దాటాక వాన్ బొమ్మెల్ స్థానంలో లార్సన్. 71వ నిమిషంలో ఒలెగేర్ బదులు బెలెట్టి. అంటే బంతి ఆపేవాళ్లను ఒక్కొక్కరినీ తీసి, బంతి ఆడేవాళ్లను పెడుతూ వచ్చాడు. 76లో లార్సన్ పాస్, ఎటో గోల్. నాలుగైదు నిమిషాలకే మళ్లీ లార్సన్ పాస్, బెలెట్టి గోల్. ఆ రాత్రి రొనాల్డిన్హో గోల్ కొట్టలేదు. మ్యాచ్ తిప్పింది బెంచీ మీది నుంచి లేచినవాళ్లు, వాళ్లను లేపింది రైకార్డ్. ఈ ఒక్క రాత్రికైనా పక్కన నిలబడి చూశాడన్న మాట అనకండి, దయచేసి.

కాజీపేట జంక్షన్:
వాన అక్కా, ఆ సబ్‌స్టిట్యూషన్లకు నేను దండం పెడ్త. 2006 వరకు మస్తుగ చేసిండు, ఒప్పుకుంటున్న. కానీ గట్టి చేతి మనిషి, అసిస్టెంట్ కోచ్ హెంక్ టెన్ కాటే పక్కన ఉన్నన్ని రోజులే గదంతా నడిచింది. 2006 ఎండకాలంల టెన్ కాటే అయాక్స్‌కు పోయిండు, అటెన్క ఒక్క పెద్ద ట్రోఫీ లేదు. 2008ల మాడ్రిడ్ కన్న 18 పాయింట్లు వెనుక. మాడ్రిడ్ స్టేడియం బెర్నాబ్యూల ఛాంపియన్లకు వరుసగ నిలబడి చప్పట్లు కొట్టి, 4-1తో ఓడి వచ్చిన్రు. గార్డియోలా రాంగనే రొనాల్డిన్హోను, డెకోను సాగనంపిండు. రైకార్డ్ చెయ్యలేని పని గదే.

గోదారి మిడ్‌ఫీల్డర్:
ఇక్కడే తమ్ముడూ, నాకు అసలు విషయం కనబడేది. 1987లో అయాక్స్ ప్రాక్టీసులో క్రైఫ్ అనే కోచ్ కఠినత్వం భరించలేక మైదానం వదిలి వెళ్లిపోయినవాడు ఈయన. అయాక్స్ కుర్రాడిగా పేరు తెచ్చుకుని, ఆ గొడవతో స్పెయిన్‌లో జరగోజాకు అరువు మీద వెళ్లి ఆడాల్సి వచ్చింది. అంత దెబ్బ తిన్నవాడు తాను కోచ్ అయ్యాక ఆటగాణ్ని అలా తిట్టలేడు. ఇది నా ఊహే, ఆయన మనసులో దూరి చూడలేదు. కానీ 2003లో కుంగిపోయి ఉన్న డ్రెస్సింగ్ రూంకు ఆ మెత్తదనమే కావలసి వచ్చింది. రొనాల్డిన్హో నవ్వుతూ ఆడగలిగాడంటే, నవ్వనిచ్చిన కోచ్ ఉన్నాడు కాబట్టే. అదే మెత్తదనం 2007లో ముంచింది, కాదనను. కానీ ముంచినప్పుడు ఆయన ఖాతాలో వేసి, తేల్చినప్పుడు ఆటగాళ్ల ఖాతాలో వేస్తే ఆ లెక్క నేనొప్పుకోను.

రోటర్‌డామ్ రాజు:
ఈ మాట నన్ను కాస్త కదిలించింది. స్పార్టా గురించి నేనన్నది వెనక్కి తీసుకోను గానీ, ఒకటి గమనించాను. 1995 ఫైనల్లో అయాక్స్ తరఫున తన పాత మిలాన్ మీద క్లైవర్ట్‌కు గోల్ పాస్ ఇచ్చి, యూరప్ కప్పు చేతపట్టుకుని ఆట మానేశాడు. కోచ్‌గా అలా గెలుపుతో ముగించే భాగ్యం దక్కలేదు. టర్కీ క్లబ్ గలతసరాయ్‌లో ఏడాది చిల్లర, తర్వాత సౌదీ జాతీయ జట్టు. 2013 జనవరిలో అక్కడి నుంచి వచ్చేశాక మళ్లీ ఏ జట్టుకూ హెడ్ కోచ్ కాలేదు. అప్పటికి ఆయనకు యాభయ్యే.

కాజీపేట జంక్షన్:
యాభై అంటే కోచ్‌కు చిన్న వయసే రాజన్నా. సరే, ఫైనల్ మళ్లొకసారి చూస్త, ఆ 71వ నిమిషం నుంచి. హెటాఫే సంగతి మాత్రం నేను ఇడిచిపెట్ట, దానికి మీల ఎవ్వరూ జవాబు ఇయ్యలే.