ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అప్లికేషన్‌పై అభ్యంతరం ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లు కాస్త చెప్పండి. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో మూడంతస్తుల ఫ్లాట్లు కట్టడానికి అనుమతి కోరుతూ కౌన్సిల్‌కు (స్థానిక సంస్థకు) అప్లికేషన్ పెట్టారు. వీధి దీపం స్తంభానికి నోటీసు కట్టారు, అభిప్రాయం చెప్పడానికి 21 రోజుల గడువు.

ఇంటి ధర పడిపోతుందనో, కిటికీలోంచి చెట్లు కనబడవనో రాస్తే లెక్కలోకి తీసుకోరని తెలుసు. వెలుతురు తగ్గడం, పై అంతస్తు నుంచి మన గదులు కనబడటం, ట్రాఫిక్, పార్కింగ్ లాంటివైతే చూస్తారు. మా అసలు బాధ పార్కింగే. సాయంత్రం ఆరు దాటితే ఇప్పటికే కారు పెట్టే చోటు దొరకదు. దీనికి ఫొటోలు సరిపోతాయా, కౌన్సిల్ లోకల్ ప్లాన్‌లోని (ఆ ప్రాంతంలో నిర్మాణాలకు కౌన్సిల్ పెట్టుకున్న నియమాల పత్రం) పార్కింగ్ పాలసీ నంబరు కూడా చూపించాలా?

వీధివాళ్లందరం ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టడం మేలా, ఎవరికి వారు రాయడం మేలా? వార్డు కౌన్సిలర్‌ని అడిగి, అధికారి స్థాయిలో తేల్చేయకుండా కౌన్సిలర్లుండే ప్లానింగ్ కమిటీ ముందుకు తెప్పించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్కడ మాట్లాడటానికి ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో ఏం చెప్పారు?

అనుమతి రాకపోతే బిల్డరు అప్పీలుకు వెళ్లొచ్చు. వస్తే మాత్రం పక్కింటివాళ్లకు ఆ హక్కు లేదు (ఇదేం న్యాయమో!). అందుకే ఈ టెన్షన్.